తల్లీతండ్రీ ఉన్న చేపపిల్లలు

చెల్లెళ్లూ, ఈసారి చేపల గురించి మాట్లాడుకుందాం. కూరకు తెచ్చుకునేవి కాదు, హాల్లో టీవీ పక్కన అద్దాల ట్యాంకులో తిరిగేవి. సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి. హైదరాబాద్ మెట్రో గ్రీన్ లైన్ మీద వరుసగా వచ్చే ఈ మూడు స్టేషన్ల చుట్టుపక్కల గల్లీల్లో ఎన్ని ఇళ్లలో అక్వేరియాలున్నాయో! రెండు గదుల అద్దె వాటాలో కుక్కను పెంచుకుంటామంటే ఓనరు ఒప్పుకోడు. చేపలకు ఎవరూ అడ్డు చెప్పరు. పిల్లాడి పుట్టినరోజుకని కొంటాం. కొన్నాళ్లకు వాడి సరదా తీరిపోతుంది. అప్పటినుంచి మేత వేసేదీ నీళ్లు మార్చేదీ మనమే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కని వచ్చి రూముల్లో ఉంటున్న ఆడపిల్లలు కూడా చదువుకునే బల్ల మీద చిన్న ట్యాంకు పెట్టుకుంటున్నారు.

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే. "అక్కా, మా ఏంజెల్ చేపలు గుడ్లు పెట్టాయి, ఇప్పుడేం చేయాలి?"

ముందు మీరేమీ చేయకండి తల్లీ. ట్యాంకు దగ్గర గుంపుగా నిలబడకండి, అద్దం మీద తట్టకండి, గుడ్లున్న ఆకును బయటికి తీసి చూడకండి. ఆ పిల్లలకు తల్లీ ఉంది, తండ్రీ ఉన్నాడు. ఈ జాతి గొప్పతనమంతా అందులోనే ఉంది.

ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్ అని షాపుల్లో వేరువేరు తొట్లలో కనిపించేవన్నీ సిక్లిడ్ అనే ఒకే కుటుంబం. మన రాంనగర్ చేపల మార్కెట్‌కు వచ్చే తిలాపియా కూడా ఆ కుటుంబమే. మొదటి రకం తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. దాని తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. మన దేశంలోనే పుట్టిన సిక్లిడ్లు మూడే మూడు. వాటిలో పెద్దది పెర్ల్ స్పాట్. మన నెల్లూరువైపు పులికాట్ సరస్సులోనూ ఉంటుంది. దాన్నే కేరళవాళ్లు కరిమీన్ అంటారు, 2010లో తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. చాలా రకాల చేపలు గుడ్లు వదిలేసి తమ దారిన తాము వెళ్లిపోతాయి. సిక్లిడ్లు వెళ్లవు. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఈ కుటుంబం కాకపోయినా అదీ పిల్లల్ని కాపలా కాస్తుంది. చెరువు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ మాట నేను చెప్పనక్కర్లేదు.

ఏంజెల్ చేపల్లో ఆడదేదో మగదేదో పైకి చూసి చెప్పడం కష్టం. అందుకే తెలిసినవాళ్లు అరడజను పిల్లల్ని కలిపి పెంచుతారు, జత వాటంతటవే కుదుర్చుకుంటాయి. జత కుదిరాక నిలువుగా ఉన్న ఒక చోటు ఎంచుకుంటాయి. వెడల్పాటి ఆకు కావచ్చు, ఫిల్టర్ పైపు కావచ్చు, ఒక్కోసారి హీటర్ గొట్టం కూడా. ఇద్దరూ కలిసి నోటితో దాన్ని ఎంతోసేపు శుభ్రం చేస్తారు. తర్వాత ఆడది వరుసలు వరుసలుగా గుడ్లు అతికిస్తూ పోతే, మగది వెనకాలే వెళ్తుంది. ఇక అక్కణ్నుంచి వంతుల మీద కాపలా. రెక్కలాడిస్తూ గుడ్ల మీదికి కొత్త నీళ్లు తోస్తుంటాయి. ప్రాణవాయువు అందాలి కదా. ఫలించని గుడ్లు తెల్లబడి బూజు పడతాయి. వాటిని తల్లీతండ్రులే ఏరి తీసేస్తాయి.

నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటే రెండు రెండున్నర రోజుల్లో గుడ్లు పగులుతాయి. అప్పుడు కనిపించేవి చేపల్లా ఉండవు. సన్నని తోకలాడిస్తూ ఆకుకే అతుక్కుని వేలాడుతుంటాయి. కడుపు కింద పచ్చసొన సంచి ఉంటుంది, అదే వాటి ఆహారం. ఈ దశలో మేత వేయొద్దు. వేస్తే తినేవాళ్లుండరు, నీళ్లు మాత్రం పాడవుతాయి. ఇంకో నాలుగైదు రోజులకు ఆ సంచి ఇంకిపోయాక పిల్లలు ఆకును వదిలి ఈదడం మొదలుపెడతాయి.

మన చెల్లెళ్లు ఎక్కువగా కంగారుపడేది గుడ్లు పగిలాక, పిల్లలు ఈదేదాకా ఉన్న ఈ రోజుల్లోనే. "అక్కా, తల్లి పిల్లల్ని తినేస్తోంది!" అని. తినడం లేదు తల్లీ. కింద పడిపోయిన పిల్లను నోట్లోకి తీసుకుని, పుక్కిలించినట్టు కడిగి, మళ్లీ ఆకు మీదికి ఊస్తుంది. ఒక్కోసారి పిల్లలన్నిటినీ అలా నోటితోనే ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు మారుస్తుంది. ఓపిగ్గా చూడండి, నోట్లోకి పోయింది మళ్లీ బయటికొస్తుంది.

నిజంగా తినేయడం కూడా ఉంది, దాచను. తొలిసారి గుడ్లు పెట్టిన జంటలు చాలాసార్లు తింటాయి. పక్కన వేరే చేపలు తిరుగుతున్నా, పదే పదే లైటు వేసి తీసినా, గుడ్లు ఫలించకపోయినా తింటాయి. దాన్ని క్రూరత్వం అనుకుని ఆ చేపను అసహ్యించుకోకండి. ఆ గుడ్లు దక్కవనిపిస్తే అందులోని బలాన్ని వెనక్కి తీసుకుంటుంది, అంతే. మళ్లీ రెండు మూడు వారాల్లో గుడ్లు పెట్టగలదు. రాత్రిపూట గదిలో చిన్న బెడ్‌లైటు ఉంచండి. చిమ్మచీకట్లో పిల్లలు చెదిరిపోతే తల్లీతండ్రులకు కనబడవు.

షాపులకు పిల్లల్ని అమ్మేవాళ్లు గుడ్లు పెట్టిన వెంటనే ఆ ఆకునో పలకనో తీసి, మిథిలీన్ బ్లూ అనే మందు కలిపిన నీళ్ల జాడీలో పెట్టి, గాలి పంపు వదిలి పొదిగిస్తారు. వ్యాపారానికి అదే లాభం, కాదనను. కానీ తరతరాలుగా ఇలా పెంచడంవల్లే ఇప్పటి ఏంజెల్ చేపలకు పిల్లల్ని సాకడం సరిగా రావడం లేదని చాలామంది పెంపకందార్లు అంటారు. నేనూ అదే నమ్ముతాను. ఇంట్లో పెంచుకునే మనకు వందల పిల్లలు అక్కర్లేదు. తల్లీతండ్రుల దగ్గరే వదిలి, దక్కినన్ని దక్కనివ్వండి. వేరే చేపలుంటే వాటిని ఇంకో తొట్టిలోకి మార్చండి. ఇల్లు మారాల్సింది చుట్టాలే గానీ బాలింత కాదు కదా.

కోఠిలో పాత పుస్తకాలు అమ్మేచోట అక్వేరియం పుస్తకం ఏదైనా కనబడితే వదలకండి. పరికరాలు మారాయి గానీ చేపల నడవడి చాలావరకు మారలేదు. కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, 1973లో నోబెల్ అందుకున్నాయన, 1949లో వేసిన ఒక పుస్తకంలో తన ట్యాంకులోని జువెల్ చేప గురించి రాశాడు. అదీ సిక్లిడే. సాయంత్రం పిల్లల్ని గూటికి చేర్చే వేళ. తండ్రి చేప నోట్లో వానపాము ముక్క ఉంది, నములుతోంది. అంతలో దారి తప్పిన పిల్ల ఒకటి కనబడింది. గబుక్కున దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు నోట్లో ఒకటి మింగాల్సింది, ఒకటి మింగకూడనిది. కాసేపు కదలకుండా నిలబడిపోయింది. తర్వాత రెండిటినీ కింద ఊసేసింది. పిల్ల మీద ఓ కన్ను వేసి ఉంచి, ముందు పురుగును తిన్నది. ఆ తర్వాత పిల్లను నోట్లోకి తీసుకుని ఇంటికి చేర్చింది. ఒక చేప ఆగి ఆలోచించడం, చూస్తున్న విద్యార్థుల కళ్ల ముందే జరిగింది. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఆ తండ్రి మీద గౌరవం పెరుగుతుంది.

డిస్కస్ చేపల సంగతి ఇంకా వింత. వాటి పిల్లలు తల్లీతండ్రుల ఒంటి మీది జిగురునే తిని బతుకుతాయి. తల్లి ఒంటి మీద కాసేపు మేస్తాయి, ఆమె అలసిపోతే తండ్రి ఒంటి మీదికి మారతాయి. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, గుడ్లు పెట్టే వేళకు ఆ జిగురులో మాంసకృత్తులూ రోగనిరోధక పదార్థాలూ పెరుగుతాయని తేలింది. మూడు వారాల ప్రాయం వచ్చేసరికి తల్లీతండ్రులు పిల్లల్నుంచి కాస్త కాస్త దూరంగా ఈదిపోతూ మాన్పిస్తాయట. పాలు మాన్పించడానికి మనం పడే తిప్పలన్నీ గుర్తొచ్చాయా? మన దేశపు చిన్న సిక్లిడ్ ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు కూడా తల్లీతండ్రుల జిగురు కొరుకుతాయి. డిస్కస్‌ను మాత్రం మొదటిసారి పెంచేవాళ్లు ముట్టుకోవద్దనే చెబుతాను. ఖరీదెక్కువ, నీళ్లలో ఏ చిన్న తేడా వచ్చినా తట్టుకోలేవు.

కాబట్టి సాకడం తల్లీతండ్రుల పని. మన పని నీళ్లు. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కొంచెం నింపాదిగా వినండి.

మన పేటల్లో నల్లా నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. అవి కృష్ణావో, గోదావరివో, మంజీరావో, అన్నిట్లోనూ క్లోరిన్ ఉంటుంది. మనల్ని రోగాల నుంచి కాపాడే ఆ క్లోరిన్ చేపపిల్లల మొప్పల్ని కాల్చేస్తుంది. నల్లా పట్టిన నీళ్లను వెడల్పాటి బకెట్‌లో ఒక రోజంతా ఉంచి, వీలైతే ఎయిర్ స్టోన్ వేసి వదిలితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. బకెట్ మీద పల్చటి గుడ్డ కట్టడం మాత్రం మరవొద్దు. కదలని మంచినీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. చేపపిల్లల కోసం ఇంట్లో పిల్లలకు జ్వరం తెచ్చుకోకూడదు.

ఇక బోరు నీళ్లు. మనది రాతి నేల. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, బకెట్ల అంచుల మీద పేరుకునే తెల్లటి పొరే సాక్ష్యం. ఏంజెల్ చేపల పుట్టిల్లు అమెజాన్. అక్కడి నీళ్లు మెత్తనివి. తరాలుగా తొట్లలో పెరిగినవి కాబట్టి షాపు చేపలు మన నీళ్లకు అలవాటు పడతాయి, కానీ మరీ గట్టి నీళ్లలో గుడ్లు సరిగా ఫలించవు. మీ గుడ్లు ప్రతిసారీ మొత్తం తెల్లబడిపోతుంటే ఒకసారి నీళ్లను అనుమానించండి. ఆర్‌ఓ నీళ్లు కొంత కలిపి చూడండి. మొత్తం ఆర్‌ఓ నీళ్లే పోస్తే మళ్లీ అదీ ప్రమాదమే, వాటిలో ఖనిజాలే ఉండవు. మా ఇంట్లో బోరు తప్ప గతి లేదనేవాళ్లకు ఒక మంచి మాట చెబుతాను. ఆఫ్రికాలో మలావీ సరస్సు ఉంది. ఆ సరస్సు నీళ్లు క్షారగుణం ఉన్నవి. అక్కడి పసుపు, నీలం రంగుల సిక్లిడ్లు షాపుల్లో దొరుకుతాయి. గట్టి నీళ్లు వాటికి బాగానే పడతాయి. తల్లి మూడు వారాలదాకా గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుని, ఆ రోజులన్నీ దాదాపు పస్తే ఉంటుంది. దవడ కింద ఉబ్బి కనబడుతుంది. జబ్బు చేసిందని మందులు పోసేయకండి.

పిల్లలు ఈదడం మొదలుపెట్టాక రోజుకు ఐదారుసార్లు తింటాయి, ఆ తిండి వ్యర్థం అమ్మోనియాగా మారుతుంది. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, పిల్లలు మాత్రం ఒక్కొక్కటే పోతుంటాయి. ఈ అమ్మోనియాను తిని బతికే సూక్ష్మజీవులు ఫిల్టర్ స్పాంజిలో కాపురముంటాయి. అందుకే పిల్లల ట్యాంకులో కొత్త ఫిల్టర్ కాకుండా, పాత ట్యాంకులో కొన్ని వారాలు నడిచిన స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి. మోటారు ఫిల్టర్ పెడితే పిల్లలు అందులోకి లాగబడిపోతాయి. స్పాంజిని నల్లా కింద పెట్టి పిండితే క్లోరిన్‌కు ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ట్యాంకు లోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండండి. రోజూ ఐదో వంతు నీళ్లు సన్నటి ఎయిర్ పైపుతో తీసి, అదే వేడిలో ఉన్న నిల్వ నీళ్లు నెమ్మదిగా పోయండి. తీసిన నీళ్లు తెల్లటి బకెట్‌లోకి పట్టండి, పొరపాటున వచ్చిన పిల్లలు కనబడతాయి. ఆ తర్వాత నీళ్లు మొక్కలకు పోయండి. ఆ నీళ్లు కుండీలకు మంచి ఎరువు.

చలికాలం రాత్రుళ్లు మన ఊళ్లో నీళ్లు ఇట్టే చల్లబడతాయి. లీటరుకు ఒక వాట్ లెక్కన హీటర్ ఉండాలి. నీళ్లలో చేయి పెట్టేముందు హీటర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి మరీ పెట్టండి. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనొద్దు. కరెంటు పోతే గాలి ఆగిపోతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఇక తిండి. పిల్లలకు అన్నిటికన్నా మేలైనది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే కంటికి ఆనీ ఆనని ఉప్పునీటి రొయ్య పిల్లలు. గుడ్లు డబ్బాలో పొడిలా అమ్ముతారు. లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల దొడ్డుప్పు కరిగించి, అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టిన ప్లాస్టిక్ సీసాలో పోసి, చిటికెడు గుడ్లు వేసి, ఎయిర్ పైపు అడుగుదాకా వదలండి. పక్కన ఒక బల్బు. గుడ్లు పగలడానికి ఒక రోజు, చల్లగా ఉంటే ఒకటిన్నర రోజు. గాలి ఆపేస్తే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు ఉన్నవైపు చేరతాయి. సన్న పైపుతో వాటిని మాత్రమే తీసి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు కడుపులోకి పోతే చేపపిల్లల పేగులు మూసుకుపోతాయి. వడకట్టడానికి సుల్తాన్ బజార్‌లో లైనింగ్ గుడ్డలకు వెళ్లినప్పుడు నేత దగ్గరగా ఉన్న మల్మల్ ముక్క ఒకటి తెచ్చుకోండి, దానికి మించిన జల్లెడ లేదు. తిన్నాక పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. తిండి అందిందో లేదో భూతద్దం లేకుండానే తెలిసిపోతుంది.

ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి వేయమని చాలామంది చెబుతారు. వేయొచ్చు, పిల్లలు తింటాయి కూడా. మిగిలిన సొన మాత్రం గంటల్లో కుళ్లుతుంది, పిల్లల ట్యాంకులో ఆ సాహసం వద్దు. షాపులో ముద్దగా అమ్మే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మురికి కాలువల్లో పెరిగేవి, వాటితో పాటు రోగాలూ వస్తాయి. చిన్న పిల్లలకు అసలే వద్దు. మూడు నాలుగు వారాలు దాటాక మెత్తటి పొడి మేత మెల్లగా అలవాటు చేయండి. నెల దాటేసరికి ఆ పిల్లలకు పైరెక్క, కిందిరెక్క సాగి ఏంజెల్ ఆకారం వస్తుంది. ఆ రోజు మీ ఇంట్లో ఎవరూ టీవీ చూడరు.

అన్నిటికన్నా కష్టమైన మాట చివరికి మిగిలింది. ఒక్క కాన్పుకు ఏంజెల్ చేప వందల గుడ్లు పెడుతుంది. మీ హాల్లోని ట్యాంకులో పెద్దయ్యాక నాలుగైదు చేపలకన్నా పట్టవు. అన్నిటినీ బతికించాలని పట్టుబడితే ఇరుకులో అన్నీ గిడసబారిపోతాయి. గుడ్లు కనబడిన రోజే ఆలోచించుకోండి, ఈ పిల్లలు ఎక్కడికి వెళ్లాలో. షాపువాళ్లను ముందే అడగండి, కొందరు మేతకో మందులకో బదులుగా తీసుకుంటారు. ఇచ్చేందుకు ఇళ్లు లేకపోతే తర్వాతి గుడ్లను తల్లీతండ్రులకే వదిలేయండి, తింటే తిననివ్వండి. అందులో పాపం లేదు.

హుస్సేన్ సాగర్‌లోనో, ఊళ్లో చెరువులోనో, గుడి కోనేట్లోనో మాత్రం వదలకండి. పుణ్యం అనుకుని వదిలేవాళ్లున్నారు, అది పుణ్యం కాదు. అద్దానికి పట్టిన పాచి తింటుందని మనం కొనే సక్కర్ చేప సంగతే చూడండి. అది నదుల్లో, చెరువుల్లో పడి విపరీతంగా పెరిగిపోయింది. ముళ్లతో వలలు చింపేస్తుంది, కూరకూ పనికిరాదు. జాలరులు దాన్ని దెయ్యం చేప అంటారు. అది ఏ నీళ్లలో ఉందో నీటిలోని డీఎన్‌ఏను బట్టి పసిగట్టే పద్ధతిని మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేయాల్సి వచ్చింది. తిలాపియా కూడా అంతే. గుడ్లను నోట్లో దాచి కాపాడుకునే ఆ తల్లి జాగ్రత్తే, మన చెరువుల్లో పడ్డాక ఇక్కడి చేపలకు చోటు లేకుండా చేసింది. జాలరి ఇళ్లలో కూడా మనలాంటి ఆడవాళ్లే ఉన్నారు, బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్ముకునేవాళ్లు. వాళ్ల చెరువు వాళ్లకు ఉండాలి.

రెండు నెలలు దాటి ఒళ్లు రూపాయి బిళ్లంత అయ్యాక పిల్లల్ని ఇవ్వొచ్చు. ఇచ్చే ముందు రోజు మేత ఆపేయండి. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. తీసుకున్నవాళ్లు ఆ కవర్ని మూతి విప్పకుండా తమ ట్యాంకులో పావుగంట తేలనిచ్చి, తర్వాత కొద్ది కొద్దిగా తమ నీళ్లు కలిపి, అప్పుడు వదలాలి. ఏంజెల్ చేప పొడుగ్గా కన్నా ఎత్తుగా పెరుగుతుంది, రెక్కలతో కలిపి జానెడు పైనే. కాబట్టి అడిగినవాళ్లను మీరూ ఒక మాట అడగండి, కనీసం అడుగున్నర లోతు ట్యాంకు ఉందా అని. గుండ్రటి గాజు గిన్నెలో పెట్టుకుంటామంటే ఎంత దగ్గరి చుట్టమైనా సరే, ఇవ్వకండి.